తమ్ముడికి పొద్దున లేవగానే నడుము కర్రలా బిగుసుకుంటోంది, ఎముకలు నిజంగానే అతుక్కుపోతాయా?

మగ్గంగుంట

మాది ధర్మవరం. తమ్ముడికి 26 ఏళ్ళు. మూడేళ్ళుగా నడుము నొప్పి. మగ్గం నేసేవాడికి నడుము నొప్పి రాక ఇంకేమొస్తుందని ఇంట్లో ఎవరూ పట్టించుకోలేదు, నాతో సహా. గుంటలో కాళ్ళు పెట్టుకుని రోజంతా వంగి కూర్చుంటే నాయనకూ నొప్పే, నాకూ నొప్పే. కానీ వాడిది వేరే తీరు. మాకు సాయంత్రానికి ఎక్కువవుతుంది, పడుకుంటే పోతుంది. వాడికి పడుకుంటేనే ఎక్కువ. తెల్లవారుజామున మూడుకో నాలుగుకో లేచి వరండాలో తిరుగుతుంటాడు. పొద్దున మంచం దిగడానికి మా అవ్వ కన్నా ఎక్కువసేపు పడుతుంది. గంట గడిచి నాలుగు అడుగులు వేశాక మళ్ళీ మామూలు మనిషి. అందుకే వాడు నటిస్తున్నాడని కూడా అనుకున్నాం, ఇప్పుడు తలచుకుంటే సిగ్గేస్తోంది.

మొదట చూపించిన చోట డిస్క్ అన్నారు, రెస్ట్ అన్నారు. నెల రోజులు మగ్గం ఎక్కనివ్వలేదు. ఆ నెలలోనే మరీ పాడయ్యాడు. ఇంకో చోట బెల్ట్ ఇచ్చారు. మూడో చోట రక్తపరీక్ష చేసి ఆర్ఏ నెగెటివ్, కీళ్ళవాతం లేదు పో అన్నారు. పోయిన నెల ఒక కన్ను ఎర్రబడి, వెలుతురు చూడలేక, కంటి డాక్టరమ్మ దగ్గరికి పోయాం. ఆమె లైటు వేసి కన్ను చూసి, "నీకు పొద్దున పూట నడుము పట్టేస్తుందా?" అని అడిగింది. మాకు మతిపోయింది. ఆమె రాసిచ్చిన చీటీతో బెంగళూరు పోతే ఎమ్మారై తీసి ఆంకిలోజింగ్ స్పాండిలైటిస్ అన్నారు. వెన్నుపూసలు ఒకదానికొకటి అతుక్కుపోయే జబ్బంట.

ఇప్పుడు అడగాల్సింది ఏమంటే, నిజంగా అతుక్కుపోతాయా? అతుక్కున్నవి మందుతో విడిపోతాయా? చిన్నాయన ఇదంతా బోరు నీళ్ళ వల్లేనంటున్నాడు. అమ్మేమో సంబంధం మాట్లాడుతూ ఉండగా ఈ పేరు బయటికి రానివ్వొద్దంటోంది. తెలిసినవాళ్ళు చెప్పండి.

ఉగ్గాని_బజ్జి

స్పాండిలైటిస్ మా ఆఫీసులో సగం మందికి ఉందన్నా. మెడకు పట్టీ వేసుకుని వస్తారు. టెన్షన్ పడొద్దు.

వెదురువెన్ను

ఉగ్గాని, నువ్వు చెప్పేది ఇది కాదు. మన దగ్గర మెడ నొప్పి వచ్చిన ప్రతివాడూ స్పాండిలైటిస్ అంటాడు. వాళ్ళకు ఉండేది స్పాండిలోసిస్, అంటే వయసుతో, వాడకంతో వచ్చే అరుగుదల. చివర రెండు అక్షరాల తేడాలో నా జీవితంలో ఐదేళ్ళు పోయాయి.

నాది కర్నూలు. 22వ ఏట మొదలైంది, 27కి పేరు తెలిసింది, ఇప్పుడు 41. నా పేరు చూసే ఉంటారు. ఎక్స్‌రేలో పూసలన్నీ కలిసిపోయి కణుపులున్న వెదురు గడలా కనిపిస్తే డాక్టర్లు దాన్ని వెదురు వెన్ను అంటారు. నాది నడుములో అలాగే ఉంది, మెడ సగం తిరుగుతుంది. బైక్ మీద వెనక్కి చూడలేను, అద్దమే గతి.

మగ్గంగుంట, నీ మొదటి పేరాలోనే జబ్బు మొత్తం ఉంది. చిన్న వయసు, మెల్లగా మొదలవడం, మూడు నెలలకు పైగా ఉండడం, రాత్రి రెండో సగంలో లేపడం, పొద్దున అరగంటకు మించి పట్టేయడం, కదిలితే తగ్గడం, పడుకుంటే పెరగడం. డిస్క్ నొప్పి దీనికి తలకిందులు. డాక్టర్లు చూసే తేడా కూడా ముఖ్యంగా ఇదే. ఒక్కోసారి నొప్పి ఈ పక్క పిరుదులో కొన్నాళ్ళు, ఆ పక్క పిరుదులో కొన్నాళ్ళు ఉంటుంది. అడిగి చూడు.

మగ్గంగుంట

అవును! కుడి నుంచి ఎడమకు మారిందని వాడు చెప్తే మేం నవ్వాం.

చెనక్కాయచేను

ధర్మవరం ఇప్పుడు మా అనంతపురం కాదు కదప్పా, సత్యసాయి జిల్లా. నొప్పి పక్క మారినట్టు ఊరు కూడా పక్క మారింది.

మగ్గంగుంట

2022లో జిల్లా మారింది, నడుము మారలేదన్నా.

నీళ్ళట్యాంకు

తాగునీటి పనుల్లో 30 ఏళ్ళు చేసి రిటైరైనాను. చిన్నాయన మాటను అంత తేలిగ్గా తీసేయకండి. ఫ్లోరైడ్ నీళ్ళతో వెన్ను బిగుసుకుపోవడం కథ కాదు. దేశంలో ఈ ఎముకల జబ్బు గురించి మొదట రాసిందే మన పక్క నెల్లూరు జిల్లా మీద, 1937లో, మద్రాసు ప్రెసిడెన్సీ రోజుల్లో. నీళ్ళలో లీటరుకు 1 మిల్లీగ్రాము దాకా ఫర్వాలేదు, వేరే దిక్కు లేకపోతే 1.5 దాకా అనేది మన దేశపు ప్రమాణం. లోతైన బోర్లు, గ్రానైట్ రాయి, వాన లేని నేల, మూడూ ఒకచోట కలిస్తే ఈ లెక్క దాటిపోతుంది. మన జిల్లాలో మూడూ ఉన్నాయి.

ఏళ్ళ తరబడి తాగితే ఫ్లోరైడ్ ఎముకలో చేరి ఎముకను మందం చేస్తుంది, పూసలను పట్టి ఉంచే నరాల్లాంటి కట్లను కూడా ఎముకగా మార్చేస్తుంది. మా నాయన చివరి పదేళ్ళు ఆకాశం చూడలేదు. పక్కకు చూడాలంటే మనిషి మొత్తం తిరిగేవాడు, ఎద్దుల బండి తిరిగినట్టు. 1990ల మధ్యలో సత్యసాయి ట్రస్టు పథకం వచ్చి 700కు పైగా ఊళ్ళకు నీళ్ళు వచ్చాక మా వైపు కొత్తగా బిగుసుకునేవాళ్ళు తగ్గారని నా అనుభవం.

వెదురువెన్ను

సార్, ఫ్లోరోసిస్ ఉందనేది ఎవరూ కాదనరు. కానీ ఈ పిల్లాడికి కన్ను ఎర్రబడింది. ఫ్లోరైడ్ కన్ను జోలికి పోదు. నడుం జబ్బూ కన్నూ ఒకేసారి వచ్చాయంటే అది రోగనిరోధక శక్తి మన మీదే తిరగబడిన వ్యవహారం. కంటి లోపల వచ్చే ఆ వాపును యువైటిస్ అంటారు. ఈ జబ్బున్నవాళ్ళలో నలుగురిలో ఒకరికైనా ఎప్పుడో ఒకప్పుడు వస్తుంది. నాకు మూడుసార్లు వచ్చింది. కళ్ళకలక అనుకుని మెడికల్ షాపులో చుక్కలు కొని వేసుకుంటే చూపుకే ముప్పు. ఎర్రబడి, నొప్పి పుట్టి, వెలుతురు పడకపోతే అదే రోజు కంటి డాక్టర్ దగ్గరికి పోవాలి. ఆ డాక్టరమ్మకు ఒక చీర పంపించు మగ్గంగుంట, మీ ఊరిదే.

మగ్గంగుంట

పంపిస్తే తీసుకోలేదు. డబ్బులిచ్చి కొంటానంది.

నీళ్ళట్యాంకు

కన్ను సంగతి నాకు తెలియదు, ఒప్పుకుంటాను. అయినా ఇంట్లో మిగతావాళ్ళకు ఈ మూడూ చేసి చూడండి. గడ్డం వంచి ఛాతీకి తగిలించాలి. మోకాళ్ళు వంచకుండా కింద పడిన రూపాయి బిళ్ళ తీయాలి. రెండు చేతులూ ఎత్తి తల వెనక పెట్టుకోవాలి. ఊళ్ళలో ఫ్లోరోసిస్ వెతికేటప్పుడు చేయించేవి ఇవే. ఇంకొకటి, పిల్లల పళ్ళ మీద పసుపు, గోధుమరంగు అడ్డగీతలున్నాయేమో చూడండి. పళ్ళు ఏర్పడే వయసులో ఆ నీళ్ళు తాగినవాళ్ళకే ఆ మచ్చలు.

తాడిపత్రి_బండ

రూపాయి బిళ్ళ పరీక్ష మా బావ మీద చేశాను. వంగలేదు. ఐదు వందల నోటు వేశాను. వంగాడు.

ఉగ్గాని_బజ్జి

😂😂 బావకు జబ్బు వేరే.

పెన్నాఒడ్డు

నీళ్ళు కాచి తాగితే ఫ్లోరైడ్ పోతుంది కదా? మా అమ్మ రోజూ కాస్తుంది.

నీళ్ళట్యాంకు

పోదమ్మా. క్రిములు చస్తాయి అంతే. నీరు ఆవిరై ఫ్లోరైడ్ ఇంకా చిక్కబడుతుంది. ఆర్ఓ తీస్తుంది, యాక్టివేటెడ్ అల్యూమినా ఫిల్టర్ తీస్తుంది. పటిక, సున్నం వేసి తేర్చే నల్గొండ పద్ధతి ఒకటుంది కానీ రోజూ ఇంట్లో చేసేంత ఓపిక ఎవరికీ ఉండదు. వాన నీళ్ళు పట్టుకుంటే అంతకన్నా మేలు లేదు, వాన పడితే.

చెనక్కాయచేను

"వాన పడితే" దగ్గరే అనంతపురం మొత్తం ఉంది సార్.

ఫిజియో_కడప

కడపలో ఫిజియోథెరపీ చేస్తాను. అతుక్కోవడం గురించి ఎవరూ సరిగ్గా చెప్పలేదు కాబట్టి నేను చెప్తాను, కొంచెం పొడుగవుతుంది.

కీలు బిగుసుకోవడం వేరు, అతుక్కోవడం వేరు. రోజూ నా దగ్గరికి వచ్చేవాళ్ళలో నూటికి తొంభై మందికి పైగా బిగుసుకున్నవాళ్ళే. కట్టు విప్పాక మోచెయ్యి, షుగర్ ఉన్నవాళ్ళకు భుజం, ఆపరేషన్ తర్వాత మోకాలు. వీళ్ళలో కండరం, కీలు చుట్టూ ఉండే సంచి కుదించుకుపోయి ఉంటాయి. ఓపికగా చేయిస్తే చాలావరకు వస్తాయి. దీని తర్వాతి మెట్టు, కీలు లోపల దారాల్లాంటి కండ పెరిగి రెండు ఎముకలనూ పట్టేసుకోవడం. కొద్దిగా కదులుతుంది కానీ సాగదు. ఆఖరి మెట్టు, మధ్యలో అసలైన ఎముకే పెరిగిపోయి రెండూ ఒకటవడం. ఎక్స్‌రేలో కీలు ఉండాల్సిన సందు కనపడదు. అప్పుడిక నొప్పి కూడా ఉండదు, ఎందుకంటే కదలడానికి ఏమీ లేదు. ఇలా అతుక్కోవడాన్నే ఆంకిలోసిస్ అంటారు. ఆ మాట గ్రీకుది, వంకర అని అర్థం. వంగిన చోటే ఆగిపోయిన కీలు అన్నమాట.

తమ్ముడి జబ్బులో మొదలు వెన్నులో కాదు. నడుము కింద, కూర్చుంటే నేలకు ఆనే ఎముకలకు పైన, రెండు పక్కలా ఉండే ఎస్ఐ కీళ్ళలో. కండరపు తాళ్ళు, కట్లు ఎముకకు అతికే చోట వాపు వస్తుంది. అందుకే కొందరికి మడమ నొప్పితో మొదలవుతుంది. ఆ వాపు ఎముకను కొరుకుతుంది. ఒళ్ళు ఆ గాయాన్ని మాన్పుకునే తొందరలో అవసరానికి మించి కొత్త ఎముక పోస్తుంది. ఒక పూస అంచు నుంచి పైకి, ఇంకో పూస అంచు నుంచి కిందికి పెరిగి మధ్యలో కలుస్తాయి. దీనికి ఏళ్ళు పడుతుంది. అందరికీ మొత్తం వెన్ను అతుక్కోదు, చాలామందికి ఎస్ఐ కీళ్ళ దగ్గరే ఆగిపోవచ్చు.

మగ్గంగుంట అడిగిన రెండో ప్రశ్న: అతుక్కున్నది మందుతో విడిపోదు. అతుక్కోని కీళ్ళను కాపాడుకోవడమే మన చేతిలో ఉంది.

మగ్గంగుంట

చదివి వాడికి వినిపించాను. "మొదటి ఎక్స్‌రేలో ఎందుకు కనపడలేదు?" అని అడిగాడు.

ఫిజియో_కడప

ఎక్స్‌రేలో ఎముక మారితేనే కనపడుతుంది. మారడానికి ఏళ్ళు పడుతుంది. ఎముక లోపలి వాపు ఎమ్మారైలో ముందే కనపడుతుంది. కాబట్టి మొదటి డాక్టర్ ఎక్స్‌రే తప్పు చదివాడని అనలేం. కథ సరిగ్గా వినకుండా రెస్ట్ చెప్పడం మాత్రం తప్పే. ఈ జబ్బులో రెస్ట్ అంటే అతుక్కోవడానికి టైమ్ ఇవ్వడం. ఆర్ఏ నెగెటివ్ వచ్చిందంటే ఏ కీళ్ళవాతమూ లేనట్టు కాదు. అది రుమటాయిడ్ అనే వేరే కీళ్ళవాతానికి చేసే పరీక్ష. ఇందులో నెగెటివ్ రావడమే మామూలు. ఒంట్లో వాపు చూపించే రక్తపరీక్షలు ఈఎస్ఆర్, సీఆర్పీ కూడా కొందరికి బాగానే ఉంటాయి.

రెండోబెంచి_అమ్మాయి

నేను ఆదోని. ఈ జబ్బు మగవాళ్ళదే అంటారు, అందువల్ల నాకు ఎనిమిదేళ్ళు పట్టింది. కాన్పు తర్వాత నడుము నొప్పి అన్నారు, వెన్నులో మత్తు సూది ఇచ్చారు కదా దానివల్ల అన్నారు, బాలింత సరిగ్గా పథ్యం చేయలేదు అన్నారు. మా అత్తయ్య అయితే పెరుగన్నం మాన్పించింది. పెరుగు మానినా పొద్దున పట్టేసేది పట్టేసేదే. ఆడవాళ్ళకు ఎక్స్‌రేలో వెన్ను అంతగా మారకుండానే నొప్పి ఉండొచ్చని తర్వాత రుమటాలజీ, అంటే కీళ్ళవాతాల డాక్టర్ చెప్పారు. ఎముకల డాక్టర్ దగ్గర తిరిగినన్నాళ్ళూ తిరిగాను. దీనికి డాక్టర్ వేరే అని చెప్పినవాళ్ళు లేరు.

పెన్నాఒడ్డు

రుమటాలజీ అంటే ఎక్కడికి పోవాలక్కా? ప్రొద్దుటూరు నుంచి అడుగుతున్నా.

రెండోబెంచి_అమ్మాయి

నేను హైదరాబాద్ నిమ్స్‌కు పోతాను, అక్కడ ఆ విభాగం ఉంది. అనంతపురం వాళ్ళకు బెంగళూరు దగ్గర. ముందు మీ జిల్లా పెద్దాసుపత్రిలో ఆ డాక్టర్ ఏ రోజు కూర్చుంటారో కనుక్కోండి, ఉంటే బస్సు ఛార్జీ మిగులుతుంది.

గండికోట_గాలి

ఇన్ని ఎందుకప్పా. మా వైపు ఒకాయన పొట్లాలు ఇస్తాడు. మూడు రోజుల్లో మనిషి లేచి పరిగెత్తుతాడు. మా పెదనాన్న కళ్ళారా చూశాను.

వెదురువెన్ను

గండికోట, మూడు రోజుల్లో లేస్తే అందులో ఏముందో చెప్పనా? ఎక్కువగా అది స్టెరాయిడే. నేనూ తిన్నాను ఆరు నెలలు, ఇంకో ఊళ్ళో. మొహం పూర్ణంబూరెలా ఉబ్బింది. ఈ జబ్బులో వెన్ను అతుక్కుని గట్టిపడినట్టు కనపడుతుంది కానీ లోపల ఎముక గుల్లబారి ఉంటుంది. దాని మీద స్టెరాయిడ్ తినడమంటే చెదపట్టిన దూలం మీద మిద్దె వేసినట్టే. చిన్న దెబ్బకు కూడా పూస విరగొచ్చు. అందుకే స్పీడ్ బ్రేకర్ దగ్గర ఆటోవాణ్ణి నేను బతిమాలుకుంటాను.

పెదనాన్నకు షుగర్, బీపీ చూపించండి ఒకసారి. కోపంతో చెప్పడం లేదు. ఇంకొకటి, చాలా రోజులు తిని ఉంటే ఒక్కసారిగా మానేయకూడదు, డాక్టర్ చేతనే తగ్గించుకోవాలి.

గండికోట_గాలి

షుగర్ వచ్చిన మాట నిజమే. తిండి వల్ల అనుకున్నాం.

తాడిపత్రి_బండ

మా వాడి మోచేతి కథ కూడా వినండి. తొమ్మిదేళ్ళ వాడు నాపరాయి బండల మీద నుంచి పడ్డాడు. మోచెయ్యి విరిగింది, కట్టు వేశారు, విప్పారు, చెయ్యి సగమే చాస్తున్నాడు. ఇంట్లో తొందర. మా పక్క ఊళ్ళో నూనె పట్టించి లాగే ఒకాయన దగ్గరికి తీసుకుపోయాం. నలుగురు పట్టుకుంటే ఆయన లాగాడు. పిల్లాడు స్పృహ తప్పాడు. మూడు వారాలకు మోచెయ్యి రాయిలా గట్టిపడింది. ఎక్స్‌రే తీస్తే కండ ఉండాల్సిన చోట ఎముక మబ్బులా కనపడింది.

ఫిజియో_కడప

దాన్ని మయోసైటిస్ ఆసిఫికాన్స్ అంటారు. దెబ్బ తగిలిన కండను మళ్ళీ మళ్ళీ గాయపరిస్తే అది ఎముకగా మారుతుంది. మోచేతికి ఇది మరీ ఎక్కువ. మోచేతిని ఎప్పుడూ బలవంతంగా లాగకూడదు, నూనె మర్దన అసలే వద్దు. పిల్లాడు తనంతట తాను చాచాలి, ముడవాలి, అంతే. నేను తల్లులకు చెప్పేది, "వాడికి ఇష్టమైనది కొంచెం దూరంగా పెట్టి అందుకోమనండి". ఇప్పుడెలా ఉంది?

తాడిపత్రి_బండ

ఏడాది దాకా ఎవరినీ ముట్టుకోనివ్వద్దన్నారు. ఎముక దానంతటదే కొంత కరిగింది. ఇప్పుడు బౌలింగ్ వేస్తున్నాడు, చెయ్యి పూర్తిగా చాచడు, నోబాల్ అని రోజూ గొడవ.

బురుజుపక్కవీధి

అతుక్కోవడం అంటే అందరూ భయపడుతున్నారు కానీ మా ఇంట్లో దానికోసం మొక్కుకున్నాం. నాయనకు వెన్నులో టీబీ. కర్నూలు పెద్దాసుపత్రిలో చూశారు. ఏడాదికి పైగా టీబీ మందులు. చివర్లో ఎక్స్‌రే చూసి డాక్టర్ "రెండు పూసలూ చక్కగా అతుక్కున్నాయి" అని సంతోషపడ్డారు. మేం ఏడుపు మొహాలు పెట్టాం. అప్పుడాయన చెప్పారు, టీబీ తినేసిన పూసలు ఊగుతూ ఉంటే నరం నలిగి కాళ్ళు పడిపోతాయి, అతుక్కుంటే నిలబడతాయి, ఇక్కడ అదే నయం కావడం అని. నాయన ఇప్పుడూ చెట్టుకు నీళ్ళు పోస్తాడు, బకెట్ మాత్రం మేం ఎత్తిస్తాం.

ఫిజియో_కడప

మంచి ఉదాహరణ. నొప్పి భరించలేని మడమ కీలును, మణికట్టును సర్జన్లే కావాలని అతికించేస్తారు. కదలిక పోతుంది, నొప్పీ పోతుంది.

చెనక్కాయచేను

మా పక్కింటి పాప ఐదేళ్ళప్పుడు గడ్డం మీద పడింది. అప్పుడు ఎవరూ చూపించలేదు. ఇప్పుడు పన్నెండు. నోట్లోకి వేలు కూడా దూరదు, సంగటి ముద్ద నలిపి పంటి సందులోంచి నెడతారు. గడ్డం చిన్నదిగా ఉండిపోయింది. ఇది కూడా అతుక్కోవడమేనా?

ఫిజియో_కడప

అదే అయ్యుండాలి. చెవి ముందు ఉండే దవడ కీలు. చిన్నప్పుడు గడ్డం మీద దెబ్బ తగిలినా, చెవిలో చీము లోపలికి పాకినా అలా అవుతుంది. కీలు దగ్గరే దవడ పెరిగే చోటు ఉంటుంది కాబట్టి గడ్డం పెరగదు. ఆపరేషన్ ఉంది. అతుక్కున్న ఎముక తీసి మధ్యలో కండ పొర పెడతారు. ఆ తర్వాత నెలల తరబడి నోరు తెరిచే ఎక్సర్‌సైజులు మానకూడదు, మానితే మళ్ళీ అతుక్కుంటుంది. నోరు, దవడ సర్జన్ ఉండే డెంటల్ కాలేజీకి తీసుకుపొమ్మనండి. ఇక ఆలస్యం చేయొద్దు. మత్తు ఇవ్వడమే కష్టం అలాంటి పిల్లలకు.

చెనక్కాయచేను

రేపే చెప్తాను.

వెదురువెన్ను

మత్తు మాట వచ్చింది కాబట్టి, మెడ బిగుసుకున్నవాళ్ళు ఏ ఆపరేషన్‌కు పోయినా, అపెండిసైటిస్ అయినా సరే, మత్తు డాక్టర్‌కు ముందే చెప్పాలి. మెడ వెనక్కి వంచి గొంతులో గొట్టం వేయడం మాకు కుదరదు. నేను పర్సులో చీటీ పెట్టుకుని తిరుగుతాను.

ఉగ్గాని_బజ్జి

అన్నా ఇందాక తేలిగ్గా మాట్లాడాను, ఏమనుకోకు. మందులేమిటి మరి? నాకూ తెలుసుకోవాలనుంది. పొద్దున నా వీపు కూడా పట్టేస్తోంది ఈ చర్చ చదివినప్పటి నుంచి.

వెదురువెన్ను

నువ్వు రాత్రి రెండు దాకా ఫోన్ చూడటం మానితే పోతుంది.

మొదటి మందు మామూలు నొప్పి మాత్రలే, కానీ డాక్టర్ చెప్పిన మోతాదులో, చెప్పినన్నాళ్ళు. నాప్రోక్సెన్, ఇండోమెథాసిన్, ఎటోరికాక్సిబ్ లాంటివి. ఇవి నొప్పితో పాటు వాపునూ తగ్గిస్తాయి. కడుపు, కిడ్నీ, బీపీ చూసుకుంటూ వాడాలి, సొంతంగా కొని మింగకూడదు. రెండు మూడు రకాలు వాడినా లొంగకపోతే బయలాజికల్ సూదులు, అంటే తిరగబడిన రోగనిరోధక శక్తిని అణిచేవి. అడాలిముమాబ్, ఎటనర్‌సెప్ట్, సెకుకినుమాబ్. అడాలిముమాబ్‌కు మన దేశపు కంపెనీయే 2014లో తక్కువ ధర రకం తెచ్చింది, తర్వాత ఇంకొందరు తెచ్చారు. అయినా మనలాంటివాళ్ళకు బరువే. ఇప్పుడు టోఫాసిటినిబ్ మాత్ర కూడా వాడుతున్నారు. మెథోట్రెక్సేట్ చేతి వేళ్ళ వాతానికి మంచిదే, వెన్నుకు పనిచేయదు. ఎవరైనా అదొక్కటే రాసి పంపిస్తే ఇంకొకరిని అడగండి.

సూది మొదలుపెట్టే ముందు టీబీ పరీక్షలు తప్పనిసరి, ఛాతీ ఎక్స్‌రే, చర్మం పరీక్షో రక్తం పరీక్షో. ఒంట్లో నిద్రపోతున్న టీబీని ఆ సూది లేపుతుంది. నాకు అలా ఉందని తేలి, ముందు టీబీ మాత్రలు మొదలుపెట్టి కొన్నాళ్ళయ్యాకే సూది ఇచ్చారు.

బీడీ, సిగరెట్ ఉంటే మొదట అది మానిపించు. పొగ తాగేవాళ్ళకు వెన్ను తొందరగా అతుక్కుంటుంది.

మగ్గంగుంట

బీడీ ఉంది. నేనే నేర్పించాను.

బురుజుపక్కవీధి

ఇద్దరూ మానండి. పోటీ పెట్టుకోండి.

నీళ్ళట్యాంకు

మగ్గం మాన్పించాలా మరి? అది ఎవరూ చెప్పలేదు.

ఫిజియో_కడప

కూడు పెట్టే పని ఎలా మాన్పిస్తాం సార్. అరగంటకోసారి గుంటలోంచి లేచి గోడకు నిలబడాలి. మడమలు, పిరుదులు, భుజాలు గోడకు ఆనించి తల వెనక భాగం గోడకు తగిలించాలి. తగలకపోతే మధ్యలో ఎన్ని వేళ్ళు పడుతున్నాయో రాసి పెట్టండి. నెలకోసారి కొలవండి. పెరిగితే డాక్టర్ దగ్గరికి. రాత్రి ఎత్తు దిండు వద్దు. రోజుకు రెండుసార్లు పదిహేను నిమిషాలు బోర్లా పడుకోవాలి. ఊపిరి లోపలికి బాగా తీసుకునే ఎక్సర్‌సైజు మరిచిపోవద్దు, పక్కటెముకల కీళ్ళు కూడా బిగుసుకుంటాయి. ఈత దొరికితే బంగారం.

నడుము కదలిక చూడటానికి నేను టేపు వాడతాను. నడుము కింద రెండు సొట్టలుంటాయే, వాటి మధ్య ఒక గీత, దానికి 10 సెంటీమీటర్లు పైన ఇంకో గీత. ముందుకు వంగితే ఆ 10 కాస్తా దాదాపు 15 కావాలి. తమ్ముణ్ణి ఒకసారి తీసుకురండి, ఫీజు వద్దు.

చెనక్కాయచేను

ఈతకు చెరువులో నీళ్ళుండాలి. మళ్ళీ అక్కడికే వచ్చాం.

పెన్నాఒడ్డు

సంబంధం విషయం ఎవరూ మాట్లాడలేదు. అదే కదా అసలు గొడవ. నన్నడిగితే చెప్పొద్దు. చెప్తే ఈ సంబంధమే కాదు, ఇంకోటి కూడా రాదు. మన ఊళ్ళలో జబ్బు పేరు పొడుగైతే చాలు, పిల్లనివ్వరు.

రెండోబెంచి_అమ్మాయి

పెన్నాఒడ్డు, పెళ్ళయ్యాక పొద్దున లేవలేని మొగుణ్ణి చూసి ఆ పిల్ల ఏమనుకోవాలి? మా ఆయనకు పెళ్ళయిన చాలా ఏళ్ళకు తెలిసింది నాకీ జబ్బని, ముందు తెలిసుండి దాచి ఉంటే ఈపాటికి నేను మా పుట్టింట్లో ఉండేదాన్ని.

పెన్నాఒడ్డు

మీ ఆయన మంచివాడక్కా. అందరూ ఉండరు.

రెండోబెంచి_అమ్మాయి

మంచివాడేం కాదు, రోజూ గొడవే. నడుము గురించి మాత్రం కాదు.

వెదురువెన్ను

పిల్లలకు వస్తుందా అనేది వాళ్ళు తప్పక అడుగుతారు, జవాబు ఉంచుకో. హెచ్ఎల్ఏ బీ27 అనే జన్యువుకూ దీనికీ సంబంధముందని 1973లోనే తేల్చారు. తండ్రికి ఆ జన్యువు ఉంటే బిడ్డకు ఆ జన్యువు వచ్చే అవకాశం సగం సగం. కానీ ఆ జన్యువు ఉన్నవాళ్ళలో ఎక్కువమందికి జీవితాంతం ఏమీ రాదు. ఇంట్లో ఒకరికి జబ్బు ఉంటే అవకాశం కొంచెం ఎక్కువ, అప్పుడు కూడా రానివాళ్ళే ఎక్కువ. నాకు ఇద్దరు పిల్లలు. పెద్దవాడు మడమ నొప్పి అంటే మాత్రం నా గుండె ఆగుతుంది. కొత్త బూట్లు కరిచాయని తర్వాత తెలిసింది.

మగ్గంగుంట

వారం తర్వాత రాస్తున్నాను. చాలా జరిగాయి.

గోడ దగ్గర నిలబెట్టాం. తల గోడకు తగిలింది, కష్టం మీద. కడపకు పోయి వచ్చాం, ఫిజియో సార్ టేపు పెడితే 10 కాస్తా 13 అయింది. అవ్వను కూడా వరసలో నిలబెట్టి రూపాయి బిళ్ళ తీయమన్నాం, తీసి కొంగున ముడేసుకుంది. నాయన గడ్డం ఛాతీకి అందలేదు. నీళ్ళట్యాంకు సార్, నాయనను వేరుగా చూపిస్తాం. మా పాత బోరు నీళ్ళు కూడా పరీక్షకు ఇచ్చాను.

సంబంధం గురించి మేం ఇంకా కొట్లాడుకుంటుండగానే వాడు ఆ అమ్మాయికి ఫోన్ చేసి మొత్తం చెప్పేశాడు. అమ్మ రెండు రోజులు అన్నం తినలేదు. అమ్మాయి ఏమీ అనలేదంట, వాళ్ళ నాయన మాత్రం ఎమ్మారై ఫిల్ము పంపమన్నాడు. వాళ్ళ బావమరిది కాంపౌండరంట, చూసి చెప్తాడంట.

తాడిపత్రి_బండ

కాంపౌండర్ డిస్క్ అంటాడు చూడు.

మగ్గంగుంట

అన్నాడు. రెస్ట్ తీసుకోమన్నాడు కూడా 😂

ఇంకా ఏమీ తేలలేదు. సూది వచ్చే నెల నుంచి. బెంగళూరు నుంచి తెచ్చుకోవాలి, ఫ్రిజ్ చల్లదనం తగ్గకూడదంట. వెదురువెన్ను అన్నా, ఎండల్లో బస్సులో ఎలా తెస్తున్నావు?

వెదురువెన్ను

చిన్న ఐస్ బాక్స్, లోపల జెల్ ప్యాకులు. సూది ప్యాకు ఐసుకు నేరుగా తగలకూడదు, గడ్డకడితే పారేయాల్సిందే. మధ్యలో గుడ్డ పెట్టు. రెండు నుంచి ఎనిమిది డిగ్రీలు. రాత్రి బండికి రా, పగలు వద్దు. పోయిన మే నెలలో బస్టాండులో ఒక పిల్లాడు బాక్స్ చూసి వెంటపడ్డాడు, పుల్లైసు ఎంత అని. లేదంటే నమ్మడే.

ఉగ్గాని_బజ్జి

ధర ఎంతో చెప్పి ఉంటే పారిపోయేవాడు.

మగ్గంగుంట

బాక్స్ ఎంత పెద్దది ఉండాలన్నా? ఇంట్లో పెళ్ళికి కొన్న కూల్‌డ్రింకుల డబ్బా ఒకటుంది.

వెదురువెన్ను

అది మరీ పెద్దది. టిఫిన్ క్యారియర్ అంత చాలు.